గ్రామసభకు పిలిచే ముందు రిజిస్టరులో పేరు ఎక్కాలి

నెల్లూరు జిల్లా ముత్తుకూరు వైపు, సముద్రం దగ్గరి పంచాయతీలో కొత్తగా చేరిన కార్యదర్శి అడిగిన ప్రశ్న ఇది. ఊళ్ళో రొయ్యల ప్లాంట్లకీ గోడౌన్లకీ పనికొచ్చిన ఒడిశా, బీహార్ వాళ్ళు షెడ్లలో ఉంటున్నారు. రొయ్యల గుంటల గట్ల మీద యానాది గిరిజన కుటుంబాలు కాపలా ఉంటున్నాయి. గ్రామసభ పెడితే వీళ్ళలో ఒక్కరూ రారు, ఊరివాళ్ళేమో "వాళ్ళతో మనకేం పని" అంటారు. అందర్నీ కలుపుకుపోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గ్రామసభ దగ్గర మాత్రం మొదలుపెట్టకండి, అది చివరికి రావలసింది. ముందు ఇంటి నంబరు సంగతి చూడండి. షెడ్డుకు పన్ను అసెస్‌మెంట్ లేదు, కాబట్టి డోర్ నంబరు లేదు. డోర్ నంబరు లేదు కాబట్టి ఆధార్‌లో అడ్రసు మారడం, ఓటు రావడం కష్టమవుతుంది. బడిలో పిల్లవాడి అడ్రసు అడిగితే "ఫలానా రెడ్డిగారి షెడ్డు" అని చెప్పాల్సి వస్తుంది. పంచాయతీ కాగితాల్లో ఎక్కడా కనపడని మనిషి సభకొచ్చి కూర్చున్నా అతని మాటకు బరువుండదు. మీరు కార్యదర్శి కాబట్టి ఈ ముడి విప్పే పని చాలావరకు మీ చేతుల్లోనే ఉంది. పన్ను రిజిస్టరు, జనన మరణాల రిజిస్టరు, తీర్మానాల పుస్తకం, మూడూ మీ బల్ల మీదే ఉంటాయి.

అంతకంటే ముందు మీ ప్రశ్నలోని రెండు వర్గాలనూ విడదీసి చూడండి. ఒడిశా, బీహార్ వాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళు. వాళ్ళలో చాలామందికి సొంతూళ్ళో ఆధార్, రేషన్ కార్డు, ఓటు అన్నీ ఉంటాయి, ఇక్కడ చెల్లకపోవడమే వాళ్ళ ఇబ్బంది. యానాదులు కొత్తవాళ్ళు కారు, ఈ తీరానికి అందరికంటే పాతవాళ్ళు. వాళ్ళ ఇబ్బంది వేరు, పుట్టుక దగ్గర్నుంచి ఏ కాగితమూ లేకపోవడం. ఒకరికి కాగితం ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారాలి, ఇంకొకరికి కాగితమే పుట్టాలి. రెంటినీ ఒకే క్యాంపులో పెడితే ఒడిశావాళ్ళ పని గంటలో తెమిలిపోతుంది, యానాదుల పని మళ్ళీ "తర్వాత చూద్దాం"లో పడుతుంది. రెండు వేరు రోజులు పెట్టండి.

షెడ్ల సంగతి. ఒక సాయంత్రం ఇంజనీరింగ్ అసిస్టెంటుని వెంటబెట్టుకుని ఊళ్ళో అద్దెకిచ్చిన లేబర్ షెడ్లు, వరస గదులు అన్నీ కొలిపించండి. యజమానికి ఇంటి పన్ను నోటీసు ఇవ్వండి. షెడ్డు మొత్తానికి ఒకే నంబరు ఇచ్చి ఊరుకోవద్దు. 5-12 అసలు నంబరైతే గదులకు 5-12/1, 5-12/2 అని బై నంబర్లు వేసి తలుపు మీద పెయింటుతో రాయించండి. ఒకే నంబరు కింద అరవై మంది ఉంటే రేపు బూత్ లెవల్ ఆఫీసరు వచ్చినప్పుడు "ఒకే ఇంట్లో అరవై ఓట్లా" అని అభ్యంతరం వస్తుంది, న్యాయమైన దరఖాస్తులు కూడా దాంతోపాటే పోతాయి. పన్ను కట్టించుకున్నంత మాత్రాన అనుమతి లేని కట్టడం సక్రమం అయిపోదని నోటీసులో ఒక వాక్యం రాయండి. పోరంబోకు మీద కట్టి ఉంటే ముందు తహసీల్దారుతో మాట్లాడండి.

యజమానులు కొందరు ఎదురుతిరుగుతారు. పన్ను కంటే వాళ్ళను భయపెట్టేది అద్దెకున్నవాళ్ళు ఖాళీ చెయ్యరేమోనన్న అనుమానం. డోర్ నంబరు అద్దెదారుకు హక్కు ఇవ్వదు, ఉంటున్న చోటు చెబుతుంది, అంతే. ఈ మాట నోటితో చెప్పడంతో ఆగక నోటీసులోనే రాసివ్వండి.

ఇక రిజిస్టరు. దీనికి ఏ ఫారమూ ప్రభుత్వం పంపదు, మీరే ఒక లాంగ్‌బుక్ గీసుకోవాలి. గది నంబరు, కుటుంబంలో పెద్ద పేరు, మొత్తం మనుషులు, వాళ్ళలో అయిదేళ్ళలోపు పిల్లలెందరు, ఆరు నుంచి పద్నాలుగేళ్ళవాళ్ళెందరు, గర్భిణులు బాలింతలు ఉన్నారా, ఏ రాష్ట్రం ఏ జిల్లా, ఇంట్లో మాట్లాడే భాష, ఎప్పుడొచ్చారు, ఎప్పుడు వెళ్తారు, ఏ రాష్ట్రం రేషన్ కార్డు, ఫోను నంబరు. ఇంతే. కులం, మతం అడగొద్దు. ఆధార్ నంబరు రాసుకోవద్దు, "ఉంది" లేదా "లేదు" చాలు. ఈ పుస్తకం మేస్త్రీకిగానీ ప్లాంటు సూపర్‌వైజరుకిగానీ చూపించొద్దు. చూపించారని తెలిస్తే మరుసటి వారం ఎవరూ నిజం పేరు చెప్పరు. బెంగాలీ మాట్లాడేవాళ్ళను చూసి "వీళ్ళు ఎక్కడివాళ్ళో" అనే గుసగుస పుడుతుంది. పౌరసత్వం తేల్చడం పంచాయతీ పని కాదు, ఆ మాట మీ ఆఫీసు నుంచి ఎవరి నోటా రానివ్వకండి.

వివరాలు రాసుకునే కాలం కూడా చూసుకోవాలి. ఒడిశావాళ్ళు జూన్ మధ్యలో రజ పండక్కి, ఆషాఢంలో రథయాత్రకి ఊళ్ళకు పోతారు. బీహార్‌వాళ్ళు దీపావళి తర్వాత ఆరో రోజు వచ్చే ఛఠ్‌కి పోతారు. పశ్చిమ ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు వినాయక చవితి మర్నాడు నువాఖాయి చేసుకుని, ఆ తర్వాత బయల్దేరి, జూన్‌లోపు తిరిగి వెళ్ళిపోతాయి. జూన్‌లో సర్వే చేసి "మా పంచాయతీలో బట్టీ కుటుంబాలు లేవు" అని రాసిన కాగితం ఎందుకూ పనికిరాదు. డిసెంబరు మొదట్లో చెయ్యండి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాసే కాలమూ అదే, అక్టోబరు 2న మొదలై శీతాకాలమంతా సాగుతుంది, కాబట్టి లెక్క నేరుగా ప్రణాళికలోకి పోతుంది.

మొదటిసారి వెళ్ళేటప్పుడు యూనిఫారంలో ఉన్న మహిళా పోలీసును తీసుకెళ్ళొద్దు. యానాదుల దగ్గరికైతే అసలే వద్దు. నేరస్థ జాతుల చట్టం దేశమంతటా 1952లో రద్దయినా, ఊళ్ళో ఏ దొంగతనం జరిగినా ముందు తమ గుడిసెకే వస్తారన్న భయం ఆ కుటుంబాల్లో పోలేదు. ఏఎన్ఎమ్మునీ అంగన్‌వాడీ టీచరునీ తీసుకెళ్ళండి. పిల్లల టీకా కార్డు చూస్తామంటే తలుపు తెరుచుకుంటుంది. షెడ్లలో మేస్త్రీ ముందుకొచ్చి "అందరి తరఫునా నేను చెబుతా సార్" అంటాడు. ఆయన్ని గౌరవంగా కూర్చోబెట్టండి, కానీ వివరాలు ఆయన నోటి నుంచి రాసుకోవద్దు. కూలీల అడ్వాన్సు, జీతం, రైలు టిక్కెట్టు ఆయన చేతిలో ఉంటాయి. నీళ్ళు చాలట్లేదని ఆయన ఎదురుగా ఎవరూ అనరు. వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు పదిమంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట వలస కార్మికుల నిబంధనలు వర్తిస్తాయా అన్నది చూసేది కార్మిక శాఖ. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి మీ రిజిస్టరులో మనుషుల సంఖ్య వరకు తీసి, పేర్లు లేకుండా, సహాయ కార్మిక అధికారికి ఒక లేఖ రాయండి.

యానాదుల కాగితాలకు ఎక్కువ ఓపిక కావాలి, ఇది విడిగా చెప్పుకోవాల్సిన సంగతి. గట్టు మీద గుడిసెలో పుట్టిన పిల్లకు జనన నమోదు ఉండదు. గ్రామంలో జనన మరణాల రిజిస్ట్రారు మీరే. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు ఉచితం. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో మీరే చెయ్యొచ్చు. ముప్ఫై రోజులు దాటి ఏడాదిలోపైతే పైఅధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే పూర్వం చట్టం ప్రకారం మొదటి తరగతి మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాల్సి వచ్చేది. చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలయ్యాక ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు వచ్చింది. అంటే ఆర్డీవో ఆఫీసులో తేలే పని. చాలామంది ఇంకా కోర్టు దగ్గర నోటరీ కాగితాలు రాయించుకుంటూ డబ్బు పోగొట్టుకుంటున్నారు. ముందు మీ రిజిస్టరులో వెతికి "నమోదు లేదు" అని ధ్రువీకరణ ఇవ్వండి. దానికి ఏఎన్ఎమ్ దగ్గరి కాన్పు రికార్డు, లేదా బడి అడ్మిషన్ రిజిస్టరు నకలు, లేదా అంగన్‌వాడీ రికార్డు జతచేసి, ఒక్కొక్కరిని తిప్పకుండా పదిహేను ఇరవై దరఖాస్తులు ఒకే కట్టగా ఆర్డీవోకి పంపండి. నెల్లూరులో యానాదుల కోసమే ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది. ఆ ఆఫీసుకు నకలు పెడితే ఫైలు కదలడానికి ఇంకో చెయ్యి తోడవుతుంది.

ఆధార్‌కు ఏ ఆధారమూ లేనివాళ్ళకు రెండు దారులు. కుటుంబంలో ఎవరికైనా ఆధార్ ఉంటే ఆ మనిషిని కుటుంబ పెద్దగా పెట్టి మిగతావాళ్ళను నమోదు చెయ్యొచ్చు, బంధుత్వం చూపే కాగితం ఒకటి కావాలి. లేదంటే ఆధార్ సంస్థ ఇచ్చిన నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం. గ్రామాల్లో దాన్ని సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో ఇవ్వొచ్చు. ఈ పత్రం తిరిగొచ్చేది దాదాపు ఎప్పుడూ చిన్న తప్పులతోనే. ఫొటో మీద సగం, కాగితం మీద సగం పడేలా సీలు వెయ్యరు. తేదీ వెయ్యరు, వేసినా మూడు నెలలు దాటిపోతుంది. పంచాయతీ లెటర్‌హెడ్డు మీద సొంత వాక్యాలు రాస్తారు. కొట్టివేతలు, తెల్ల ఇంకు కనిపిస్తే ఆపరేటరు అక్కడే పక్కన పెడతాడు. నమూనా యథాతథంగా ప్రింటు తీసి, ఒకే పెన్నుతో నింపి, క్యాంపు వారంలోనే సంతకం చెయ్యండి. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళ కొత్త నమోదుకు రెవెన్యూ వాళ్ళ పరిశీలన కూడా ఉంటుంది. అది ఆలస్యమైతే మనిషిని కాదు, ఎన్‌రోల్‌మెంట్ చీటీని పట్టుకుని మీరే అడగాలి. గుంట కాపలా మనిషి ఒక రోజు గట్టు వదిలితే జీతం కోస్తారు.

ఓటు విషయంలో రెండు మాటలు. ఒకటి, ఒడిశా మనిషిని ఇక్కడ ఓటు నమోదు చేయించుకోమని ఒత్తిడి పెట్టొద్దు. ఏటా నాలుగు నెలలు ఊరెళ్ళేవాళ్ళకు అక్కడి ఓటే ముఖ్యం కావచ్చు, అది వాళ్ళ ఇష్టం. కుటుంబంతో వచ్చి, పిల్లల్ని ఇక్కడి బడిలో వేసి స్థిరపడ్డవాళ్ళు అడిగితే చేయించండి. రెండు, అలాంటివాళ్ళకు ఫారం 6 నింపించొద్దు. అది కొత్త ఓటరుది. ఎక్కడైనా ఓటున్నవాళ్ళు చోటు మారితే ఫారం 8, ఇంకో రాష్ట్రం నుంచి వచ్చినా అదే. ఫారం 6 నింపితే రెండు చోట్లా పేరు మిగిలిపోతుంది. "ఇంకెక్కడా ఓటు లేదు" అని అబద్ధపు డిక్లరేషన్ ఇచ్చినట్టవుతుంది, దానికి ఏడాది దాకా జైలు ఉంది. చదువురాని మనిషిని మనమే ఆ ఊబిలోకి దింపకూడదు. చేతిలో ఏ అడ్రసు కాగితమూ లేకపోయినా బూత్ లెవల్ ఆఫీసరు స్వయంగా వచ్చి విచారించి చేర్చవచ్చు. గూడే లేనివాళ్ళ విషయంలో రాత్రిపూట వెళ్ళి పడుకునే చోటు చూడాలని ఎన్నికల సంఘం నిబంధనే ఉంది. గట్టు మీద కాపలావాళ్ళకు ఇది ఉపయోగపడుతుంది.

ఇదంతా ఎన్నికల ముందు రెండు నెలల్లో చేస్తే "బయటోళ్ళ ఓట్లు చేర్చారు" అన్న గొడవ ఖాయం. పేర్లు తీసెయ్యమంటూ గుంపుగా ఫారం 7 అభ్యంతరాలు పడతాయి. ఓటరు వయసు లెక్కకట్టే అర్హత తేదీలు ఏడాదిలో నాలుగున్నాయి, జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. ఎన్నికల వేడి లేని ఏడాది చూసుకుని, ప్రతి దఫాకూ కొన్ని దరఖాస్తులు వెళ్ళేలా చూడండి. చేరిన పేర్లు సచివాలయం నోటీసు బోర్డు మీద పెట్టించండి. పంచాయతీ ఓటర్ల జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతుంది, కాబట్టి విడిగా ఇంకో దరఖాస్తు అక్కర్లేదు.

ఓటు లేనంత మాత్రాన పంచాయతీలో చోటు లేదనుకోవడమే అసలు పొరపాటు. రాజ్యాంగం ప్రకారం గ్రామసభ అంటే ఆ గ్రామపు ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్ళు. తీర్మానానికి చెయ్యెత్తే హక్కు వాళ్ళదే. కానీ ఊళ్ళో జరిగే పనుల్లో చాలా వాటిని నడిపే కమిటీలకు ఆ షరతు లేదు. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు కావాలి. పిల్ల ఆ బడిలో చదువుతుంటే తల్లి ఒడియా మాట్లాడినా సభ్యురాలు కావచ్చు. తాగునీటి, పారిశుద్ధ్య కమిటీలో పది పదిహేను మంది ఉంటారు, సగం మంది ఆడవాళ్ళు, పావు వంతు బలహీన వర్గాలు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ చేతికి ఏడాదికి పది వేల రూపాయల అన్‌టైడ్ నిధి (ఫలానా పనికే అని కట్టుబాటు లేనిది) వస్తుంది. షెడ్ల దగ్గర దోమల మందు, నీళ్ళ పరీక్ష లాంటి చిన్న పనులకు దాన్ని వాడొచ్చు. ఈ మూడింటిలో ఒక్కో సీటు చొప్పున షెడ్ల నుంచి ఒకరు, యానాది కాలనీ నుంచి ఒకరు వచ్చేలా చూడండి. మొదట నీళ్ళ కమిటీలో వెయ్యండి. ఎందుకంటే నీళ్ళ గురించి మాట్లాడటానికి ఎవరికీ చదువు అవసరం లేదు, వచ్చిన మొదటి సమావేశంలోనే చెప్పడానికి వాళ్ళ దగ్గర విషయం ఉంటుంది.

బడిలో చేర్చడానికి టీసీ లేదని, పుట్టినతేదీ కాగితం లేదని, ఏడాది మధ్యలో వచ్చారని తిప్పి పంపడం విద్యాహక్కు చట్టానికి విరుద్ధం. హెడ్‌మాస్టరు అసలు ఇబ్బంది చట్టం కాదు, కంప్యూటరు. బడుల లెక్కలుండే యూడైస్ పోర్టల్‌లో పిల్లవాడి శాశ్వత నంబరు పాత బడి దగ్గరే ఉండిపోతుంది. పాత బడి దాన్ని డ్రాప్‌బాక్స్‌లో (బడి వదిలిన పిల్లల జాబితాలో) వదిలితేనే ఇక్కడికి తెచ్చుకోగలరు. అడ్మిషన్ ఇచ్చేసి, తర్వాత ఎంఈవో ద్వారా ఆ జిల్లాకు మెయిలు పెట్టించాలి. వరస తిరగేసి, నంబరు వచ్చాక చేర్చుకుంటామంటే పిల్లవాడు ఈలోగా షెడ్డులో తమ్ముణ్ణి ఎత్తుకుని కూర్చుంటాడు. అంగన్‌వాడీలోనూ అంతే. అంగన్‌వాడీ లెక్కలుండే పోషణ్ ట్రాకర్ యాప్‌లో గర్భిణి పేరు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చే వీలుంది, టీచరుకు చూపించండి.

రేషన్ సంగతి క్లుప్తంగా. ఆహార భద్రత చట్టం కింది కార్డు ఏ రాష్ట్రానిదైనా ఇక్కడి డీలరు దగ్గర వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు, మనిషికి అయిదు కిలోలు, అంత్యోదయ కార్డుకైతే కుటుంబానికి 35 కిలోలు. తమ వంతు ఇక్కడ, ఊళ్ళో ఉన్న తల్లిదండ్రుల వంతు అక్కడ విడివిడిగా తీసుకోవచ్చు. మన రాష్ట్రం అదనంగా ఇచ్చే సరుకులు రావు, అది ముందే చెప్పండి. రొయ్య ఒలిచే ఆడవాళ్ళ చేతులు రోజంతా ఐసు నీళ్ళలో నాని వేలిముద్ర పడదు. అప్పుడు కనుపాప యంత్రం పెట్టమని డీలరుకు చెప్పండి. "స్టాకు లేదు" అంటే సివిల్ సప్లయిస్ డిప్యూటీ తహసీల్దారుకు మీ రిజిస్టరు లెక్క ఇచ్చి కోటా పెంచమని అడగండి. ఆ లెక్క లేకుండా అడిగితే పెరగదు.

ఇప్పుడు సభ. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. అలాంటి రోజున హాజరు బాగానే ఉంటుంది. మామూలు సభకు పగలు పదకొండింటికి టముకు వేయిస్తే షిఫ్టులో ఉన్నవాళ్ళు ఎలా వస్తారు? అందుకని సభకు వారం ముందు షెడ్ల దగ్గరే రాత్రి ఏడున్నరకి చిన్న కూడిక పెట్టండి. ముప్పావు గంట చాలు. ఆడవాళ్ళతో విడిగా ఇంకోటి. ఉపన్యాసం వద్దు, మూడే ప్రశ్నలు అడగండి: నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు, రాత్రిపూట ఏ దారిలో నడవాలంటే భయం, పిల్లకు జ్వరమొస్తే ఎక్కడికి తీసుకెళ్తారు. వాళ్ళు చెప్పిన మాటలు వాళ్ళ పేరు లేకుండా, గది వరస పేరుతో, సభ అజెండాలో రాయండి. అజెండాలో రెండో అంశంగా పెట్టాలి. చివర పెడితే ఆ వేళకు సగంమంది లేచిపోతారు, "ఇతర విషయాలు" కింద కొట్టుకుపోతుంది.

దుబాసీని జాగ్రత్తగా ఎంచుకోవాలి. మేస్త్రీ వద్దు, బడికెళ్ళే పిల్లలు వద్దు. ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంటున్న, రెండు భాషలూ వచ్చిన ఆడమనిషి దొరికితే మంచిది. ఆ పూట కూలి పోతుంది కాబట్టి ఒక రోజు కూలి ఇవ్వండి. రెండు వాక్యాలకొకసారి ఆగి చెప్పించండి. అర్థమైందో లేదో తెలుసుకోవాలంటే "మేం చెప్పింది మళ్ళీ తెలుగులో చెప్పమ్మా" అని అడగండి, తేడా అక్కడే దొరుకుతుంది. నోటీసు ఒడియా లిపిలో ప్రింటు వేయించడం కంటే ఫోనులో గొంతుతో పంపిన సందేశం ఎక్కువమందికి చేరుతుంది. అనువాదం చేసే భాషిణి యాప్ చిన్న మాటలకు పనికొస్తుంది, డబ్బు లెక్కలకు, ఆరోగ్య విషయాలకు దాని మీద ఆధారపడొద్దు.

యానాది పెద్ద సభకొచ్చినా అరుగు ఎక్కడు. చెట్టు కిందో గుమ్మం పక్కనో గొంతుకూర్చుంటాడు. "రండి, కూర్చోండి" అని మైకులో అంటే ఇంకా వెనక్కి జరుగుతాడు. ముందురోజే కుర్చీలు తీసేసి అందరికీ జంపఖానాలు పరిపించండి, సర్పంచ్‌కీ మీకూ కూడా. మొదటి అరగంటలో రిజిస్టరులోంచి పేరు పెట్టి, గారు చేర్చి పిలిచి, "మీ కాలనీ బోరు సంగతి చెప్పండి" అని ఒక్క విషయం అడగండి. ఆయన రెండు మాటలే చెప్పినా వాటిని అలాగే పుస్తకంలో రాయండి. పట్టపుపాలేల్లో, అంటే మత్స్యకారుల పల్లెల్లో, ఇంకో చిక్కుంది. కులపెద్దలు ముందే ఒక మాట అనుకుని వస్తారు, సభలో ఒకే గొంతు వినపడుతుంది. చేపలమ్మే ఆడవాళ్ళతో విడిగా మాట్లాడకపోతే ఆ పాలెం సగం సంగతులు మీకు తెలియవు.

తీర్మానం ఎలా రాయాలో ఒక నమూనా:

"షెడ్డు నంబరు 5-12 వరసలోని 24 గదుల్లో 96 మంది నివసిస్తున్నట్టు పంచాయతీ రిజిస్టరు ప్రకారం సభ గమనించింది. వీరికి మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున 5,280 లీటర్ల తాగునీరు అవసరం. ట్యాంకు నుంచి ఈ వరసకు పైపు వేసి రెండు వీధి కుళాయిలు ఏర్పాటు చేయుటకు, అంచనా తయారు చేయవలసినదిగా ఇంజనీరింగ్ అసిస్టెంటును కోరుటకు, ఈ పనిని రాబోయే సంవత్సరపు అభివృద్ధి ప్రణాళికలో చేర్చుటకు సభ ఆమోదించింది."

ఇందులో చోటు, సంఖ్య, పరిమాణం, ఎవరు చెయ్యాలి, ఎక్కడ చేరాలి అన్నీ ఉన్నాయి. "వలస కార్మికుల సమస్యలు పరిష్కరించాలని తీర్మానించడమైనది" అని రాస్తే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎక్కించడానికి అందులో పనే లేదు. సభ అయిన పదిహేను రోజుల్లో ఏమైందో ఒక కాగితం షెడ్డు గోడకు అంటించండి. కాకపోతే కాలేదని, ఎందుకు కాలేదో కూడా రాయండి.

ఊరివాళ్ళ అభ్యంతరం సంగతి మర్చిపోవద్దు, దాన్ని తేలిగ్గా తీసెయ్యొద్దు కూడా. "మన ట్యాంకు నీళ్ళు వాళ్ళు తాగుతున్నారు" అన్న మాటలో కొంత నిజముంది. పంచాయతీలకు వచ్చే ఆర్థిక సంఘం నిధులు 2011 జనాభా లెక్కల మీద వచ్చినవి, ట్యాంకు కొలతా అప్పటిదే కావచ్చు. తర్వాత వచ్చిన నాలుగు వందల మందికి రోజుకు 22,000 లీటర్లు కావాలి, అంటే 5,000 లీటర్ల ట్యాంకరు నాలుగు సార్లకు పైగా తిరగాలి. ఆ ఖర్చు ఎవరిదన్నది సభలో అంకెలతో పెట్టండి. షెడ్ల మీద కొత్తగా వచ్చే ఇంటి పన్ను ఎంత, అద్దె షెడ్డు యజమాని కట్టాల్సిన నీటి చార్జీ ఎంత, ప్లాంట్ల లైసెన్సు ఫీజు బకాయి ఎంత, పక్కపక్కన రాసి బోర్డు మీద చూపించండి. 2026 మార్చి వరకు వర్తించిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టుబడి ఉండేవి. అలాంటి పద్దు కింద వేసిన పైపు ఊరి చివరి వీధికీ పోతుందని ప్లాను గీసి చూపిస్తే మాట మారుతుంది. చీమకుర్తి వైపు గ్రానైటు క్వారీ పంచాయతీల్లో ఇంకో మెలిక ఉంటుంది. గదులు కంపెనీ గేటు లోపల ఉంటాయి, లోపలికి వెళ్ళాలంటేనే అనుమతి. అక్కడ కార్మిక శాఖను, కంపెనీ మేనేజరును ముందుగా కూర్చోబెట్టకుండా సర్వే మొదలుపెట్టొద్దు.

చివరిగా తుపాను పట్టిక, దీన్ని అక్టోబరు నెల రాకముందే పూర్తి చెయ్యాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వేళ తెలుగులో చేసిన చాటింపు షెడ్లలో ఎవరికీ అర్థం కాదు. గట్టు మీదికి అసలు వినపడదు. హెచ్చరిక మాటలు హిందీలో, ఒడియాలో ముందే రికార్డు చేసి పెట్టుకోండి. రిజిస్టరులోని ఫోను నంబర్లతో ఒక గ్రూపు కట్టండి. షెల్టరు సామర్థ్యం లెక్కలో ఊరి జనాభాతోపాటు షెడ్ల జనాభా కూడా కలపండి. కాపలా కుటుంబాలు మాత్రం మీరు పిలిచినా రావు, మోటార్లు, ఏరియేటర్లు (గుంట నీళ్ళకు గాలి అందించే యంత్రాలు) వదిలి వస్తే గుంట యజమాని ఊరుకోడని వాళ్ళ భయం. అందుకని ఖాళీ చేయించే నోటీసు కాపలా మనిషికి కాదు, యజమానికి లిఖితపూర్వకంగా ఇచ్చి సంతకం తీసుకోండి. "ఫలానా సర్వే నంబరు గుంట మీద ఉన్న కుటుంబాన్ని రేపు సాయంత్రం ఆరు గంటల్లోపు షెల్టరుకు పంపవలెను" అని. ఆ నోటీసుల కాపీలు తహసీల్దారుకు పంపి, ఎవరు వచ్చారో షెల్టరు గుమ్మం దగ్గర మీ రిజిస్టరుతో సరిచూసుకోండి.